లోపల ఇరుకు

తురార్ గోడల్ని నమ్మే మనిషి కాదు. మా బిష్కెక్‌లోని పాత ఐదంతస్తుల ఇళ్ళలో వంటగట్టుకి పలక బిగించేవాడు ఎవడైనా గోడని నమ్మాడంటే నెల తిరక్కుండా పని మానుకొని ఇంట్లో కూర్చోవలసిందే. సోవియట్ల కాలంలో ఫ్యాక్టరీలో పోతపోసిన గోడల్ని లారీల మీద తెచ్చారు, క్రేనుతో ఎత్తారు, ఒకదానికొకటి ఆనించి పోయారు. వాళ్ళకి తొందర, మాకు తలదాచుకోవడానికి ఏదో ఒకటి కావాలి. చూడ్డానికి తిన్నగానే ఉంటాయి. రెండు గోడల మధ్య పలక పెట్టబోయినప్పుడు బయటపడుతుంది వాటి వంకర బుద్ధి.

నా పేరు కులీపా. కుట్టు ఫ్యాక్టరీలో మిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్నాను. ఇప్పుడు పెన్షను తింటూ, మా మెట్లవరసలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో చూస్తూ కూర్చుంటాను. ఇంకెవరైనా నన్ను అలా అంటే ఊరుకోను, అది వేరే సంగతి. తురార్ వదిన జూరా ఇల్లు నా తలుపుకి ఎదురుగానే. అందుకే వాళ్ళిద్దరి మధ్య ఏం జరిగిందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తురార్ దగ్గర టేపు ఉండేది గానీ దాన్ని జేబులోంచి తీసేవాడు కాదు. రెండు సన్నని చెక్క బద్దలు తెచ్చేవాడు. ఒకదానిమీద ఒకటి పెట్టి, ఒక కొస ఈ గోడకి, ఇంకో కొస ఆ గోడకి తగిలేదాకా జరిపి, పెన్సిలు గీత గీసేవాడు. ముందొకసారి, మధ్యలో ఒకసారి, లోపలి మూలకి వంగి ఇంకోసారి. “టేపు ఎటు వంచితే అటు వంగుద్దక్కా, మా బావమరిదిలాగా. బద్దకి ఒకటే మాట” అనేవాడు. కొలుస్తున్నంతసేపూ గోడని తిట్టేవాడు. “ఓసి దొంగముండా, ఇక్కడ తిన్నగా నిలబడి అక్కడ ఎందుకే వంగావు?” అని గోడతో వాదించేవాడు. గోడలతో అంత నోరు చేసుకునేవాడు మనుషుల ముందు మాత్రం ఉత్త నోరులేనివాడు. అత్తగారి ముందు మరీను.

కొలత అయ్యాక అక్కడే నిలబడి కోత దుకాణానికి ఫోనులో మాట రికార్డు చేసి పంపేవాడు. ముందు ఇంటివాళ్ళ పేరు చెప్పాలి, లేకపోతే ఒకరి పలక ఇంకొకరికి కోసేస్తారు. తర్వాత ముందు ఎంత, మధ్య ఎంత, లోపల ఎంత. ఇది వాడు రోజూ చేసే పనే. ఆ పనే వాడి కొంప ముంచింది.

జూరా గురించి చెప్పాలి. తురార్‌కి పాలపళ్ళు ఊడే వయసులోనే తల్లి పోయింది. నరీన్ కొండల్లోంచి వాణ్ణి తెచ్చి అన్న అసనాలీ ఇంట్లో దింపారు. అప్పటికి జూరా కొత్త కోడలు. పిల్లాడి తలనిండా పేలు. ఇంటి గడప దాటకముందే బకెట్టు ముందర కూర్చోబెట్టి పుల్లటి పెరుగుతో తల రుద్దిందట. మాలో కోడలు అత్తింటివాళ్ళ పేర్లు నోటితో పలకదు. ఆడబిడ్డకో పేరు, మరిదికో పేరు తనే పెట్టుకుంటుంది. జూరా వాణ్ణి ‘బుల్లోడు’ అనేది. వాడికి గడ్డం వచ్చినా బుల్లోడే, గడ్డం నెరిసినా బుల్లోడే. ఆమె కడుపున కాయ కాయలేదు. అసనాలీ పోయాక ఆ రెండు గదుల్లో ఒక్కతే మిగిలింది. ఉన్న బిడ్డల్లా ఆ మరిదే.

వాడి పెళ్ళయ్యాక మొదటి కాన్పు అత్తారింట్లో. పసిబిడ్డని నలభై రోజులు పరాయివాళ్ళకి చూపించకపోవడం అందరూ చేసేదే. కానీ జూరా పరాయిదా? ఉయ్యాలతొట్టి కొని, పరుపు కుట్టి, బస్సెక్కి పోయింది. వాడి అత్త గుమ్మంలోనే నిలబెట్టి తొట్టి లోపలికి తీసుకుంది, మనిషిని బయటే ఉంచింది. నలభై రోజులు దాటాక కూడా పిల్లకి జలుబంది, నిద్రంది. అసలు సంగతి ఆనోటా ఈనోటా తెలిసింది. “పిల్లల్లేని మనిషి. లోపల ఇరుకు. దిష్టి తగులుద్ది” అందట ఆ మహాతల్లి. ఇంకొకరి మంచి చూసి ఓర్వలేనివాళ్ళని మేం ‘లోపల ఇరుకు మనిషి’ అంటాం. అంతకంటే చెడ్డమాట ఆడదాన్ని అనడానికి మా భాషలో లేదు. జూరాని పంపేశాక ఆ మాట అన్నప్పుడు తురార్ ఆ గుమ్మంలోనే ఉన్నాడు. నోరు విప్పలేదు.

జూరా కూడా ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. వాడు వస్తే నూడుల్సు పులుసు పెట్టేది, పిల్లలకి పంచదార చిలకలు ఇచ్చి పంపేది. నాతో మాత్రం ఒక్కసారి అంది. “నా తొట్టి లోపలికెళ్ళింది గదా, చాల్లే కులీపా” అని.

మొన్న ఆకురాలే కాలంలో ఆమెకి కాలేయం చెడింది. పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అలా ఎందుకంటారో అందరికీ తెలుసు. ఇంటికొచ్చి మంచమెక్కిన జూరా తురార్‌ని పిలిచి ముందుగా చెప్పిన మాట వంటగట్టు గురించి.

“ఒరేయ్ బుల్లోడా, ఆ గట్టుపలక మార్చరా. నీళ్ళకి నానిపోయి పుట్టగొడుగులా ఉబ్బింది.”

“ఇప్పుడెందుకొదినా? ముందు నువ్వు లేచి తిరుగు.”

“నేను లేవడానికి కాదురా. పోయాక ఆడాళ్ళు వస్తారు, నా ఇంట్లోనే పిండి ఒత్తి బూరెలు వేయించాలి గదా. ఆ కుళ్ళిన చెక్క మీద ఒత్తుతూ ‘జూరా ఇల్లు చూశారా’ అని నవ్వుకుంటారు. ఈ కులీపానే మొదట నవ్వుద్ది.”

“నేనెందుకు నవ్వుతానే?” అన్నాను.

“ఇప్పుడు నవ్వుతున్నావుగా.”

నిజమే, నవ్వుతున్నాను. ఏడుపుని అలా మళ్ళించుకున్నాను. తురార్ మాత్రం నవ్వలేదు. కిందికి దిగుతూ మెట్లమీద నా చెయ్యి పట్టుకున్నాడు.

“కులీపా అక్కా, నాకామె ఒక్క మాట చెప్పి పోవాల. ‘నీతో నేను రాజీరా’ అని. అంతే. ఇంకేం వద్దు.”

చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు తమవాళ్ళని పిలిచి, మనసులో ఏమీ పెట్టుకోలేదని ఆ మాట చెప్పి పోతారు. చెప్పకుండా పోతే మిగిలినవాడు ఆ బరువు మోస్తూ బతకాలి. “చెప్పకేం చేస్తుందిరా? నువ్వు ఆమె బిడ్డవి” అన్నాను.

“తొట్టి తెచ్చిన రోజు సంగతి నీకు తెలుసుగా” అన్నాడు.

“అయితే నువ్వే ముందు అడుగు. నోరుందిగా.”

“పలక పెట్టిన రోజు అడుగుతా. పని చేసిచ్చి అడుగుతా” అన్నాడు. పనివాడి బుద్ధి. ఉత్త చేతులతో అడగలేడు.

మరునాడు బద్దలతో వచ్చి కొలిచాడు. నేనప్పుడు ఓష్ బజారులో ఉన్నాను. ఇంటికొచ్చి చూద్దును గదా, జూరా గోడవైపు తిరిగి పడుకుంది. టీ ఇస్తే వద్దంది. అన్నం వద్దంది. నొప్పి అనుకున్నాను. ఆ తర్వాత తురార్ ఎప్పుడొచ్చినా ఆమె కళ్ళు మూసుకునేది. వాడు కాళ్ళ దగ్గర కాసేపు కూర్చొని వెళ్ళిపోయేవాడు. వాడు తలుపు దాటగానే ఆమె కళ్ళు తెరిచేది. “ఏమే, ఏమైందే?” అంటే “ఏమవుద్ది, చస్తన్నా” అనేది. అంతకుమించి ఒక్క ముక్క పెగల్లేదు. ఊరంతటి రహస్యాలూ నా దగ్గర పోసే మనిషి దీన్ని మాత్రం కడుపులో దాచుకుంది.

పలక తెచ్చిన రోజు బయట బొగ్గు పొగ ఎదురు బిల్డింగు కూడా కనబడనంతగా కమ్ముకుంది. తురార్ పాత పలక పీకేశాడు. కొత్తది ముందువైపు వెడల్పుగా, లోపలివైపు కొంచెం సన్నగా కోయించి తెచ్చాడు. ముందునుంచి మెల్లగా జరుపుతుంటే సొరుగులాగా సాఫీగా పోయింది. గోడ ఇంకో బెత్తెడు దూరం ఉందనగా పట్టేసింది. లోపలి మూలలో గోడపూత బుడిపెలా పొంగింది. వాడు ఉలి తీసుకొని దాన్ని చెక్కుతూ, దుమ్ము కళ్ళలో పడుతుంటే తుడుచుకుంటూ, నన్ను కేకేశాడు.

“అక్కా, ఇటొచ్చి చూడు. పైకి చూస్తే ఎంత విశాలంగా ఉందో చూశావా? నమ్మితే మునిగినట్టే. అంతా లోపలే ఇరుకు. నేనప్పుడే చెప్పాను.”

“తురార్!”

పక్కగదిలోంచి వచ్చింది ఆ కేక. ఇన్నేళ్ళలో జూరా నోట వాడి పేరు వినడం నాకదే మొదలు. వాడికీ అదే మొదలు. ఉలి పట్టుకొని అలాగే గదిలోకి పోయాడు, వెనకే నేను.

ఆమె మోచేతిమీద లేచి కూర్చుంది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ బలం.

“ఇంకోసారి అను. ఈసారి ఫోనులో కాదు, నా మొహంమీద అను.”

“ఏమన్నానొదినా?”

“‘జూరా వదిన. పైకి చూస్తే విశాలమే, నమ్మొద్దు. లోపల ఇరుకు.’ నే చావలేదురా ఆ రోజు, పక్కగదిలోనే ఉన్నా.”

నాకొక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. అర్థమయ్యాక పగలబడి నవ్వాను. “ఓసి పిచ్చిమొహమా! గోడనే వాడన్నది! కోత దుకాణానికి కొలత చెప్పాడే!” తురార్ కూడా నవ్వాడు. గుండెల మీంచి బండ దింపినట్టు నవ్వాడు పాపం. మేం నవ్వకుండా ఉండాల్సింది. గోడలకి చెవులుంటాయని ఊరికే అనలేదు. ఇన్ని రోజులు పచ్చి పుండులా ఆ మాటని లోపల పెట్టుకొని పడుకున్న మనిషి ముందు ఇద్దరం పళ్ళికిలించాం.

“గోడ పేరు జూరానా?” అంది.

“ఇంటివాళ్ళ పేరు చెప్పాలొదినా. లేకపోతే ఇంకెవరిదో పలక కోస్తారు.”

“పేరు చెప్పినవాడివి ‘గోడ’ అనే మాట ఎందుకు చెప్పలేదు?”

“గోడలే గదా నేను కొలిచేది! ఇంకేం కొలుస్తా?”

“నన్ను కొలిచారుగా మీ అత్తారింట్లో! గుమ్మంలో నిలబెట్టి కొలిచారు. నువ్వు పక్కనే నిలబడి చూస్తివి.”

అదిగో, వచ్చింది బయటికి. ఇన్నేళ్ళుగా ఇద్దరూ పక్కకి జరుపుతూ వచ్చిన మాట. ఆ క్షణంలో వాడు ఆమె కాళ్ళు పట్టుకొని ఉంటే సరిపోయేది. వాడు వచ్చిందే అందుకు. కానీ మనిషి చేసిన తప్పుకి తిడితే తలవంచుకుంటాడు, చెయ్యనిదానికి తిడితే తోక తొక్కిన పామవుతాడు. దుమ్ము పట్టిన ఆ మొహం ఎర్రబడింది.

“గోడని అన్న మాట తనమీద వేసుకునేవాళ్ళని ఏమంటారొదినా?” అన్నాడు. “మా అత్త అన్నది అబద్ధమని ఇన్నాళ్ళూ అనుకున్నా. నిజమే. లోపల ఇరుకే నీకు.”

“ఒరేయ్!” అన్నాను నేను. ఏం లాభం? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

జూరా మెల్లగా వెనక్కి వాలింది. “ఇప్పుడు గోడని కాదుగా” అంది. అరవలేదు. ఏదో తేల్చుకున్నట్టు అంది.

వాడు వంటింట్లోకి పోయాడు. ఆ బుడిపె చెక్కి, పలక చివరికంటా తోసి, సందు మూసి, గుడ్డతో తుడిచాడు. వాడి జన్మలో అంత బాగా కుదిరిన పని ఇంకోటి లేదనుకుంటాను, గోరు దూరేంత సందు లేదు. సామాను సర్దుకొని తలుపు దగ్గరికొచ్చాడు. నేను రొట్టె ఎదురు పట్టుకున్నాను. పగవాణ్ణి కూడా రొట్టె ముక్క తుంచనివ్వకుండా గుమ్మం దాటనివ్వం మేం. “తుంచుకోరా, నా మాట విను” అన్నాను. నన్ను తప్పించుకొని దిగిపోయాడు.

“రొట్టె తుంచాడా?” అని లోపల్నుంచి అడిగింది జూరా.

“తుంచాడే.”

“నీకు అబద్ధం చెప్పడం రాదు కులీపా” అంది.

ఆ తర్వాత నేను ఇద్దరి మధ్యా తిరిగిన తిరుగుడు ఆ దేవుడికెరుక. వాడికి ఫోను చేస్తే “పిలవమనక్కా, పరుగెత్తుకొస్తా” అన్నాడు. ఆమెతో చెబితే “పిలిస్తే వచ్చేవాడు పనివాడు. పిలవకుండా వస్తే నా బుల్లోడు” అంది. బుల్లోడు అంది మళ్ళీ! నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాటే వాడికి చెప్పాను. “నిజంగా బుల్లోడందా?” అని అడిగాడు. “రేపొస్తా” అన్నాడు. వచ్చాడు కూడా. కిటికీలోంచి చూశాను. పెరట్లో పిల్లలు ఊగే ఉయ్యాల దగ్గర నిలబడి సిగరెట్టు కాల్చాడు, పైకి చూశాడు, వెనక్కి తిరిగాడు. కిటికీ తీసి “పైకి రారా సన్నాసీ!” అని అరిచాను. చెయ్యి ఊపి పొగలోకి పోయాడు. ఆ రోజు వాడి చెవి పట్టుకొని ఈడ్చుకు రావడానికి నా మోకాళ్ళు సహకరించలేదు. ఎంత తిట్టుకున్నానో వాణ్ణి! సిగ్గు పడ్డాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు పొగరనుకున్నాను. పైన పడుకున్న ఆమె కూడా అదే అనుకొని ఉంటుంది.

జూరాకి మాట పడిపోయిన పొద్దున నేనే ఫోను చేశాను. పని బట్టలతోనే వచ్చాడు, జుట్టులో రంపప్పొట్టు. మంచం పక్కన మోకాళ్ళమీద కూలబడి ఆమె చెయ్యి తీసుకున్నాడు.

“వదినా, నేనొచ్చా. పిలవకుండానే వచ్చా. తొట్టి తెచ్చిన రోజు మా అత్తకీ నీకూ మధ్య నిలబడాల్సినోణ్ణి, నిలబడలేదు. మొన్న అన్నదీ తప్పే. నాతో రాజీయేనా వదినా? తల ఊపు. వేలు కదుపు, చాలు.”

ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, వాడివైపే ఉన్నాయి. తల ఊగలేదు. వేలు కదల్లేదు. వాడు అడుగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం కాకముందే ఊపిరి ఆగింది. నేను గడ్డానికి గుడ్డ కట్టేదాకా వాడు ఆ చెయ్యి వదల్లేదు.

పెరట్లో గుడారం వేశారు. వాడు నడుముకి గుడ్డ బిగించి, కర్రమీద వాలి, వచ్చిన మగవాళ్ళకి ఎదురుగా నిలబడి గొంతెత్తి ఏడ్చాడు. ‘నా వదినా’ అని ఏడవాల్సిన చోట ‘అమ్మా’ అని ఏడ్చాడు. ఎవరూ తప్పుపట్టలేదు. పైన మేం ఆడవాళ్ళం కొత్త పలక మీద పిండి ఒత్తుతూ ఉన్నాం. దాని నునుపు చూసి ఒకావిడ, “అదృష్టవంతురాలు, మరిది చేతి పని చూసుకొని పోయింది” అంది. నాకు వినబుద్ధి కాలేదు. కిటికీ దగ్గరికి పోయాను.

కింద శవం ముందు జనాజా నమాజుకి వరసలు కట్టారు. ముల్లా కుర్రవాడే, మా పేటవాడే. దగ్గరి మనిషి ఎవరని అడిగితే తురార్ ముందుకొచ్చాడు. ఇలాంటప్పుడు అందరూ అనే మాటే అన్నాడు.

“మా వదిన మీలో ఎవర్నైనా మాటతో గానీ చేతతో గానీ నొప్పిస్తే, ఈ రోజుతో వదిలెయ్యండి. ఆమెతో రాజీ పడండి.”

“రాజీ, రాజీ” అన్నారందరూ.

“ఎలాంటి మనిషి?” అని అడిగాడు ముల్లా.

“మంచి మనిషి” అన్నారు.

అంతటితో అయిపోవాలి. వాడు వరసలోకి జరగాలి. జరగలేదు.

“మరి ఆవిడ?” అన్నాడు.

“ఆవిడేంటన్నా?”

“ఆవిడ నాతో రాజీయేనా? అందర్నీ ఆవిడ తరఫున అడిగాగా. నా తరఫున ఆవిణ్ణి అడగండి ఎవరైనా.”

ముల్లా కుర్రాడు వాడి దగ్గరికొచ్చాడు.

“అది బతికుండగా అడుక్కునేదన్నా. పక్కకి జరుగు, నమాజుకి వేళవుతోంది.”

ఇద్దరు పెద్దవాళ్ళు వాడి భుజాలు పట్టుకొని వరసలోకి లాగారు. నేను కిటికీ తెరిచాను, వాడికి ఏదో ఒకటి అరిచి చెబుదామని. ఏం చెప్పను? ఆమె ఏమనుకొని పోయిందో నాకూ తెలియదు.